జలపాతం గేటు దగ్గర సీజన్ వాచర్: మే నెల రంగు గీతల నుంచి కార్తీక వనభోజనాల దాకా

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి హైదరాబాద్‌లో కదిలిన కారు హనుమకొండలో టిఫిన్‌కు ఆగి, ములుగు, ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరిని చూసుకుంటూ వాజేడు చేరేసరికి పదకొండు దాటుతుంది. అలాంటి కార్లన్నీ దాదాపు ఒకే గంటలో వచ్చి పడతాయి. పదకొండు నుంచి మూడు దాకా, ఆ నాలుగు గంటలే జలపాతం దగ్గర వానాకాలానికి కాపలా ఉండే సీజన్ వాచర్‌కు పరీక్ష. మిగతా వారమంతా దానికి సిద్ధం కావడంతోనే సరిపోతుంది.

వాజేడు దగ్గరి బొగత జలపాతం లాంటి పేరున్న చోట టికెట్ కౌంటరు, రెయిలింగు, సిబ్బంది ఉంటారు. కానీ ములుగు నుంచి ఆదిలాబాద్ దాకా అడవుల్లో వానాకాలం మూడు నాలుగు నెలలు మాత్రమే దుంకే జలపాతాలు చాలా ఉన్నాయి. ఒక రీల్ తిరిగితే చాలు, వచ్చే ఆదివారానికి ఊరి బాట నిండా బండ్లే. అక్కడ ఉండేది అటవీ శాఖ బీట్ ఆఫీసర్ ఒకరు, ఊళ్లోంచి రోజు కూలీకి తీసుకున్న నలుగురైదుగురు. ఇది వాళ్ల కోసం, వాళ్లను పనిలో పెట్టుకునే వన సంరక్షణ సమితుల కోసం.

గేటు వాగుకు ఇవతలే

2023 జూలై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలో ఉన్న ముత్యంధార జలపాతానికి వెళ్లిన సుమారు 80 మంది, తిరిగొచ్చే దారిలో వాగు పొంగడంతో అడవిలోనే చిక్కుకుపోయారు. ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) బృందం వెళ్లి వాళ్లను బయటికి తేవాల్సి వచ్చింది. మరునాటి పొద్దున్నకు, అదే జిల్లాలోని వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన లెక్కకొచ్చింది. (పేర్లు కలుస్తున్నాయి గానీ ఇవి రెండు వేర్వేరు మండలాలు. కొత్తవాళ్లు మ్యాప్ పెట్టుకుని ఒకదానికి బదులు ఇంకోదానికి వస్తూనే ఉంటారు.)

జలపాతం కింద ఎవరూ కొట్టుకుపోలేదు, దారే మూసుకుపోయింది. పొద్దున పాదాలు తడిసేంత ఉన్న ఒర్రె (చిన్న వాగు) సాయంత్రానికి నడుము దాటుతుంది. అందుకే గేటు జలపాతం దగ్గర పెట్టడం దండగ. ఊరి నుంచి జలపాతానికి పోయే బాటలో మొదటి ఒర్రె ఎక్కడ అడ్డొస్తుందో దానికి ఇవతల పెట్టాలి. బాటలో లోలెవల్ కల్వర్టు ఉంటే దానికీ ఇవతలే. అటుపక్క చదునైన జాగా ఉందని, పార్కింగుకు బాగుంటుందని కల్వర్టు దాటించి గేటు పెట్టిన చోట, నీళ్లొచ్చిన రోజు బండ్లూ మనుషులూ వాచర్లూ అందరూ అవతలే ఉండిపోతారు.

కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే రోడ్డు కనబడుతుందా లేదా అన్నదొక్కటే చూడాలి. నీళ్లు ఎర్రగా ఉండి కింద తారు కనబడకపోతే బండి పోవద్దు, మనిషీ పోవద్దు. అడుగు లోతు పారే నీరు కారు చక్రాల పట్టు తప్పిస్తుంది, రెండడుగులైతే చాలా బండ్లను తేల్చి తీసుకుపోతుంది. పైగా కల్వర్టు అంచు కోసుకుపోయిందో లేదో పైనుంచి తెలియదు. "పొద్దున దాటినం కదన్నా" అనేవాళ్లకు చెప్పాల్సిన జవాబు ఇదే: పొద్దున ఉన్న రోడ్డు ఇప్పుడు కింద ఉందని ఎవరు చూసిన్రు?

వాన పడకముందే

నీటి మట్టం గీతలు మే నెలలోనే గీయాలి. వాగు ఎండి బండ కాలుతున్నప్పుడు ఇనుప బ్రష్‌తో పాకురు గీకి, ఎనామిల్ పెయింట్ రెండు కోట్లు వేయాలి. జూన్‌లో తడి బండ మీద వేసిన రంగు మొదటి వరదకే పొరలుగా లేచిపోతుంది. అందరికీ కనబడుతుందని గుండం (జలపాతం నీళ్లు పడే మడుగు) పక్కన గీయడం మామూలుగా జరిగే తప్పు. గుండంలో నీళ్లు ఎప్పుడూ ఎగిరెగిరి పడుతుంటాయి, గీత చదవడం కుదరదు. జలపాతానికి ఎగువన, వాగు నిదానంగా, తిన్నగా పారే చోట నిలువు బండ చూసి గీయాలి. 10 సెంటీమీటర్లకొక గీత, పక్కన అంకె. మామూలు వానాకాలపు మట్టం వరకు తెలుపు, దాని పైన 20 సెంటీమీటర్లు పసుపు, ఆపైన ఎరుపు.

నీరు పసుపులోకి వస్తే ఎవరినీ దిగనివ్వొద్దు. ఎరుపులోకి వస్తే గేటు మూసేయాలి. అయితే మట్టం కన్నా పెరిగే వేగం ఎక్కువ చెబుతుంది. తెలుపులోనే ఉన్నా సరే, పావుగంటలో బెత్తెడు పెరిగిందంటే అందరినీ పైకి తేవాల్సిందే. మామూలు రోజు అరగంటకోసారి, ఎగువన మబ్బు పట్టిన రోజు పది నిమిషాలకోసారి చూసి పుస్తకంలో టైముతో సహా రాయాలి. ఈ కొలతలు మొదటి సీజన్‌కు చాలు. రెండో ఏడు ఆ పుస్తకమే మీ వాగు లెక్క చెబుతుంది. వెడల్పు వాగు నిదానంగా పెరుగుతుంది, లొద్దిలో (గుట్టల నడుమ లోయలో) ఇరుకుగా పారేది ఒక్కసారిగా లేస్తుంది.

ఎగువన ఒక మనిషి ఉండాలి. బొగత మీద దుంకే చీకుపల్లి వాగు ఛత్తీస్‌గఢ్ వైపు గుట్టల నుంచి వస్తుంది. వాజేడులో ఎండ కాస్తుండగానే నీళ్లు ఎర్రబారడానికి కారణం అదే. ఇలాంటి వాగుల్లో వరద గంటకు 7 నుంచి 10 కిలోమీటర్లు నడుస్తుంది. అంటే 10 కిలోమీటర్ల ఎగువన పడ్డ వాన గంట, గంటన్నరలో మీ గుండంలో ఉంటుంది. ఎగువ గూడెంలో నమ్మకమైన ఒకరితో మాట్లాడుకుని, సీజన్ నాలుగు నెలలూ అతని ఫోన్ రీఛార్జి సమితి ఖర్చులో వేయాలి. సిగ్నల్ మాట నిలిచేంత ఉండదు కాబట్టి మిస్డ్ కాల్ గుర్తులు పెట్టుకోవాలి: ఒకటైతే వాన లేదు, రెండైతే గట్టి వాన. పొద్దున తొమ్మిది, పన్నెండు, రెండింటికి తప్పక చేయాలి. ఆ టైముకు ఏ కాలూ రాకపోతే వాన పడుతున్నట్టే లెక్క. కాల్ రాలేదు కాబట్టి వాన లేదనుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు, ఎందుకంటే గట్టి వాన పడ్డప్పుడే టవర్ పోతుంది.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు, కానీ ఉన్నది సరైనదై ఉండాలి. విసిరే తాడు 10 మిల్లీమీటర్ల మందం, 20 మీటర్ల పొడవు, నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ రకం. నైలాన్ తాడు మునుగుతుంది, మునిగి బండల సందుల్లో ఇరుక్కుంటుంది. విసిరే తాడును చుట్ట చుట్టి పెడితే విసిరినప్పుడు ముడిపడుతుంది. గుడ్డ సంచిలో ఒక కొస అడుగున కట్టి, మిగతాది పిడికెడు పిడికెడుగా కుక్కాలి, అప్పుడు సాఫీగా వదులుతుంది. ఇలాంటివి రెండు. లైఫ్ జాకెట్లు వాచర్‌కొకటి చొప్పున. గాలి నింపిన లారీ ట్యూబులు రెండు. నాలుగు మీటర్ల వెదురు బొంగులు మూడు. ఎర్ర గుడ్డ జెండాలు, విజిల్స్. మైకు కొనే డబ్బుంటే కొనండి గానీ నమ్ముకోకండి: జలపాతం హోరులో 15 మీటర్ల అవతలికి మాట అర్థం కాదు, మధ్యాహ్నానికి బ్యాటరీ కూడా అయిపోతుంది.

స్ట్రెచర్ కొనకుండానే అవుతుంది. రెండు గోనె సంచుల అడుగు మూలలు కోసి, రెండు బొంగులు వాటిలోంచి దూర్చితే 80 కిలోల మనిషిని నలుగురు మోయొచ్చు. బొంగులు పచ్చివి కాకుండా ముదురువి చూసుకోవాలి.

అడ్డు తాడు అంచు దగ్గర కాకుండా మూడు మీటర్లు వెనక్కి కట్టాలి. ఎందుకంటే జనం తాడుకు ఆనుకుంటారు, ఆనుకుని సెల్ఫీకి వెనక్కి వంగుతారు. బండలో గుంజ దిగదు కాబట్టి 15 లీటర్ల నూనె డబ్బాలో కాంక్రీటు పోసి మధ్యలో పైపు నిలబెడితే, ఒక్కోటి 35 కిలోల దాకా తూగి కదలకుండా ఉంటుంది.

ఎంతమందిని పంపాలి

"నిండింది, ఇక చాలు" అని ఎప్పుడు అనాలో ముందే తెలియకపోతే ఎప్పటికీ అనలేరు. లెక్క ఇలా కట్టాలి. జనం నిలబడే బండ 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉందనుకోండి, అంటే 300 చదరపు మీటర్లు. తడి బండ మీద మనిషికి రెండు చదరపు మీటర్లు కావాలి, లేకపోతే ఒకరు జారితే నలుగురిని పట్టుకుని పడతారు. అప్పుడు ఒకసారికి 150 మంది. ఒక్కొక్కరు గంటన్నర ఉంటారు. తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా తెరిస్తే ఐదు విడతలు, రోజుకు 750 మంది. ఇది బండ మోయగలిగిన లెక్క. వాచర్ల లెక్క వేరే ఉంది: నీళ్ల దగ్గర 30 మందికి ఒకరు. 150 మందికి ఐదుగురు. ఆ రోజు ముగ్గురే వచ్చారంటే 90 మందినే పంపాలి. వాచర్లు తగ్గితే జనమూ తగ్గాలన్నది రాసి గేటు దగ్గర గోడకు అంటించండి, లేకపోతే పైనుంచి ఎవరో ఫోన్ చేసి "మనవాళ్లు వస్తున్నరు, పంపు" అన్నప్పుడు చూపడానికి ఏమీ ఉండదు.

పార్కింగు జాగాను గుంటల్లో (గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు) కొలవడం తేలిక. వెనక్కి ముందుకు తిరిగే జాగాతో కలిపి కారుకు 25 చదరపు మీటర్లు పడుతుంది, అంటే గుంటకు నాలుగు కార్లు. ఎకరానికి కాగితం మీద 160. నల్లరేగడిలో, వానలో, దారులు వదిలి నిలబెడితే 120 దాటవు. ప్రతి కారూ మూతి రోడ్డు వైపు పెట్టి నిలపాలి. వచ్చేటప్పుడు ఒక్కొక్కరే వస్తారు కాబట్టి రివర్స్ చేయించడానికి టైముంటుంది. నీళ్లొచ్చి అందరూ ఒక్కసారి పరుగెత్తినప్పుడు 100 కార్లు రివర్స్ చేసుకుంటుంటే ఆ బాట రెండు గంటలు కదలదు, 108 కూడా లోపలికి రాదు. అంబులెన్స్ దారి ముగ్గు పోసినట్టు సున్నంతో గీసి, ఎంత రద్దీ ఉన్నా అందులో ఒక్క బైకు కూడా పెట్టనివ్వొద్దు.

టోకెను రెండు ముక్కలుండాలి. ఒకటి బండి అద్దం మీద, రెండోది గేటు దగ్గర మేకుకు. రెండో ముక్క వెనక ఎంతమంది దిగారో రాయాలి: "6, ఇద్దరు పిల్లలు". బండి బయటికి పోయేటప్పుడు మేకు మీది ముక్క తీసేయాలి. ఏ నిమిషంలో చూసినా లోపల ఎంతమంది ఉన్నారో మేకే చెబుతుంది.

సీసాలు, సంచులు, మాట తీరు

గేటు దగ్గర ఒక కారుకు మూడు నిమిషాలు పడితే ఒక వరుసలో గంటకు 20 కార్లే లోపలికి పోతాయి. వెనక క్యూ హైవే దాకా పెరిగి, తిట్లు మొదలై, చివరికి వాచర్లు విసిగి అన్నీ వదిలేస్తారు. అందుకని గేటు దగ్గర టికెట్టు, టోకెను మాత్రమే. సంచుల తనిఖీ పార్కింగు నుంచి కాలిబాట మొదలయ్యే చోట పెట్టాలి. డిక్కీ వెతకడం దండగ పని. డిక్కీలో ఏముందో మనకెందుకు, కాలిబాట మీదికి చేతిలో ఏం వస్తుందో అది చూస్తే చాలు. సంచిలో చేయి పెట్టొద్దు, తెరిచి చూపించమనాలి. ఆడవాళ్ల సంచులు చూడటానికి ఆడమనిషే ఉండాలి. ఐదుగురిలో ఇద్దరైనా ఆడవాళ్లుంటే సగం గొడవలు ఉండవు.

గాజు సీసాకు మినహాయింపు లేదు. గుండంలో పగిలిన ఒక బీరు సీసా సీజనంతా కాళ్లు కోస్తుంది, ఏరడం ఎవరి తరమూ కాదు. నీళ్ల బాటిల్‌కు 20 రూపాయల డిపాజిట్ పద్ధతి బాగా పనిచేస్తుంది: స్టిక్కరు అంటించి పంపి, తిరిగి తెస్తే డబ్బు వాపస్. స్టిక్కరు మూత మీద అంటిస్తే మూత పోతుంది. చల్లటి బాటిల్ చెమటకు ఊడిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి కంపెనీ లేబుల్ మీదే అంటించాలి. పొద్దున్నే పది, ఇరవై నోట్లు 2,000 రూపాయల చిల్లర తెచ్చుకోవాలి. సాయంత్రం నాలుగింటికి చిల్లర లేదంటే, జనం బాటిల్ అక్కడే పడేసి పోతారు, మన మీద కోపం కూడా పెట్టుకుని పోతారు.

తాగిన వాళ్లను కాలిబాట దగ్గరే ఆపాలి, బండ మీదికి వచ్చాక ఆపడం కుదరదు. తాగినతనితో వాదించొద్దు. గుంపులో తాగని మనిషి ఎవరో చూసి ఆయనతో మాట్లాడాలి: "అన్నా, మీ దోస్తును మీరే చూసుకోవాలె, ఇక్కడ్నే చెట్టు కింద కూసోవెట్టుర్రి. మిగతావాళ్లు పోయిరార్రి." కుటుంబంతో వచ్చినవాళ్లయితే అమ్మతోనో అక్కతోనో మాట్లాడితే పని తొందరగా అవుతుంది. "ఏయ్, దిగు" అన్న మాటకు దిగేవాళ్లు తక్కువ. కారణం కలిపి చెబితే వింటారు: "తమ్మీ, ఆ బండ పాకురు పట్టింది, నిన్న ఒకాయన అక్కడ్నే జారిండు." నిన్న జారితేనే అనాలి. అబద్ధం చెప్పి ఆపిన వాచర్‌ను రెండోసారి ఎవరూ నమ్మరు.

బండి తాళం గుంజుకోవడం, చేయి చేసుకోవడం అసలు వద్దు. జరిమానా వేసే అధికారం రోజు కూలీ వాచర్‌కు లేదు. మాట వినకపోతే బండి నంబరు, టైము రాసి, ఫొటో తీసి బీట్ ఆఫీసర్‌కు పంపాలి. ఏటూరునాగారం లాంటి అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ చట్టాన్ని అమలు చేయడానికి ఆఫీసర్ ఉన్నాడు.

నీళ్ల దగ్గర

ఇక్కడికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈత వచ్చు, బావిలోనో చెరువులోనో నేర్చుకున్నదే. అదే ప్రమాదం. బావి నీళ్లు మనిషిని మోస్తాయి. జలపాతం కింద తెల్లగా నురగలు కక్కే నీళ్లలో సగం గాలే. ఆ నీరు మనిషిని తేల్చదు, కాళ్లు ఎంత ఆడించినా పట్టు దొరకదు. పైనుంచి పడే నీరు అడుగుకు పోయి, మళ్లీ పైకి లేచి, జలపాతం వైపే వెనక్కి తిరుగుతుంది. బయటికి ఈదుతున్నాననుకునే మనిషిని అది లోపలికే లాక్కుంటుంది. దానికి తోడు నీటి దెబ్బకు గుండం అడుగున బండ తొలిచి గుహలా అవుతుంది. పోయినేడు నడుం లోతున్న చోట ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు. వాచర్లు ఎండాకాలంలో గుండంలోకి దిగి అడుగు కొలిచి, తెలిసిన చోట్లన్నీ గుర్తు పెట్టుకోవాలి. తెల్ల నీళ్లు ఎక్కడ మొదలవుతాయో అక్కడికి ఐదు మీటర్ల ఇవతలే హద్దు.

వాచర్ నిలబడే చోటు కూడా ముఖ్యమే. అందరూ జలపాతం వైపు చూస్తారు కాబట్టి వాచర్ జలపాతానికి వీపు పెట్టి జనం వైపు చూడాలి. ఇద్దరు నీళ్ల అంచున, ఒకరు జనం బండ మీదికి ఎక్కే చోట, ఒకరు దిగువన తాడు సంచితో. తాడు మనిషి దిగువనే ఉండాలి, ఎందుకంటే కొట్టుకొచ్చేవాడు అతని ముందు నుంచే పోతాడు. ఐదోవాడు మట్టం గీతల దగ్గర. గంటకోసారి చోట్లు మారాలి. రెండు గంటలు ఒకే చోట నిలబడ్డ మనిషి కళ్లు తెరిచి ఉన్నా చూడడు.

విజిల్ గుర్తులు మూడే పెట్టుకోండి. ఒక్కటి: ఇటు చూడండి. రెండు: వాచర్లంతా ఇక్కడికి. మూడు పొడుగాటివి, ఎర్ర జెండాతో: అందరూ పైకి. అయిందానికీ కానిదానికీ విజిల్ ఊదితే మధ్యాహ్నానికి అది పిట్ట కూత అయిపోతుంది, ఎవరూ తలతిప్పరు.

ఖాళీ చేయించే క్రమం ఇదీ. మొదట అవతలి గట్టు మీదివాళ్లు, ఎందుకంటే చిక్కుకునేది వాళ్లే. తర్వాత నీళ్లలో ఉన్నవాళ్లు, ఆ తర్వాత బండల మీదివాళ్లు, చివర చూసేవాళ్లు. అవతలి గట్టు దాటరానంత అయిపోతే వాళ్లను ఇటు రమ్మని పిలవొద్దు. ఎత్తైన చోటికి ఎక్కి కూర్చోమని చేతి సైగ చేసి, 112కు ఫోన్ చేయాలి. చీకటి పడ్డా సరే, గుట్ట మీద తడుస్తూ కూర్చున్న మనిషి పొద్దున ఇంటికి పోతాడు. ఏం చెప్పి లేపాలో కూడా అందరూ ఒకే మాట నేర్చుకోవాలి: "పైన వాన పడ్డది, నీళ్లొస్తున్నయి, పది నిమిషాల్ల ఈ బండ మునుగుతది." ఆఖరి వాచర్ వెనక్కి తిరిగి పొదల్లో, బండల చాటున, బట్టలు మార్చుకునే చోట చూసుకుంటూ రావాలి.

గీతలు చూడకుండానే నీరు చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. తేట నీళ్లలో ఒక ఎర్ర చార కనబడటం, ఎండుటాకులు, పుల్లలు గుంపుగా రావడం, గోధుమ రంగు నురగ, పచ్చి మట్టి వాసన. హోరు కూడా మారుతుంది, చప్పుడు బరువెక్కుతుంది. ఊళ్లో పుట్టి పెరిగిన వాచర్‌కు ఇది మనం నేర్పక్కర్లేదు. అతను "నీళ్లు మంచిగ లెవ్వు" అన్నప్పుడు టికెట్ డబ్బుల కోసం ఆగమనకపోతే చాలు.

ఏదైనా జరిగితే

మునుగుతున్న మనిషి కోసం వాచర్ దూకొద్దు. బొంగు అందించాలి, అందకపోతే ట్యూబు, తాడు విసరాలి. ముందు గట్టిగా పిలిచి, అతను ఇటు చూశాక, తాడు అతని తల దాటి పడేలా విసరాలి. మన కొసను చేతికి చుట్టుకోవద్దు, లాగితే మనమూ పోతాం. కూర్చుని, కాళ్లు బండకు తన్నిపెట్టి పట్టుకుంటే ప్రవాహమే అతన్ని గట్టుకు తోస్తుంది. వారానికోసారి, సోమవారం జనం లేనప్పుడు, 10 మీటర్ల దూరంలో ఖాళీ డబ్బా పెట్టి ఒక్కొక్కరు పది విసుర్లు వేయాలి. పదిలో ఏడు తగలాలి.

బయటికి తెచ్చిన మనిషికి ఊపిరి లేకపోతే తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. పొట్టలోని నీళ్లు బయటికొచ్చి ఊపిరితిత్తుల్లోకే పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్య 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదాలి. 108 వచ్చేదాకా ఆపొద్దు, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఊపిరి మళ్లీ ఆడకపోవచ్చు.

పాము కరిస్తే కట్టు, కోత, మంత్రం మూడూ వద్దు. కరిచిన కాలికి రెండు పుల్లలు ఆన్చి కదలకుండా చేసి, నడిపించకుండా స్ట్రెచర్ మీదే మోయాలి. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో సీజన్ మొదటి రోజే ఫోన్ చేసి కనుక్కుని గేటు గోడ మీద రాసిపెట్టాలి. అప్పటికప్పుడు అడిగితే అరగంట పోతుంది.

తేనెపట్టులున్న గుట్ట కింద సెంటు వాసనలు, పొగ, డ్రోన్లు వద్దనాలి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని తిన్నగా దూరం పరుగెత్తించాలి. నీళ్లలో దూకితే అవి పైనే కాచుకుని ఉంటాయి.

ఊరివాళ్లు సందర్శకులు కారు

జలపాతం బాట చాలాచోట్ల ముందునుంచీ గూడెం బాటే. పశువులు తోలుకుపోయేవాళ్లు, పుట్టగొడుగులకు, వెదురు కొమ్ములకు పోయే ఆడవాళ్లు, నీళ్ల పక్కన దేవతకు మొక్కుకునేవాళ్లు టికెట్ తీసుకోవాల్సిన పని లేదు, గేటు దగ్గర పేరు చెప్పాల్సిన పనీ లేదు. కోయ ఆడవాళ్లను అడక్కుండా ఫొటోలు తీసేవాళ్లను వాచర్ ఆపాలి. దేవత గద్దె చుట్టూ తాడు కట్టి, చెప్పులు బయటే అని బోర్డు పెట్టాలి.

జూలైలో నాట్లు పడుతుంటాయి. పార్కింగు నిండాక కార్లు మెల్లగా పొలం గట్ల మీదికి ఎక్కుతాయి. ఒక గట్టు తెగితే మడిలో నీళ్లన్నీ పోతాయి, ఆ రైతు రాత్రికి రాత్రి మళ్లీ కట్టుకోవాలి. పార్కింగు భూమి ఎవరిదో వాళ్లతో సీజన్‌కు ఎంతో ముందే మాట్లాడి, గట్ల పొడుగునా రంగు పీలికలు కట్టిన తాడు లాగాలి. సీజన్ అయ్యాక భూమి దున్ని ఇచ్చే ఖర్చు కూడా ఆ ఒప్పందంలో ఉండాలి, బండ్లు తొక్కిన రేగడి మామూలు నాగలికి లేవదు.

బాట దిగి అడవిలోకి పోయేవాళ్లకు పులి కథలు చెప్పక్కర్లేదు. అడవిపందుల కోసం దొంగచాటుగా పెట్టే కరెంటు తీగలుంటాయని చెబితే చాలు, అది నిజం కూడా.

వాచర్ల కూలి ఏ రోజు చేతికొస్తుందో కాగితం మీద రాసుకోవాలి. జూలై కూలి దీపావళికి ఇస్తే, ఆగస్టు ఆదివారాలకు మనిషి దొరకడు.

కార్తీకంలో వేరే లెక్క

కార్తీకం వచ్చేసరికి నీళ్లు తగ్గుతాయి, జనం మారతారు. ఫొటో పిల్లల బదులు ఉసిరిచెట్టు వెతుక్కుంటూ గిన్నెలతో, ముసలివాళ్లతో, కాలనీలకు కాలనీలు వస్తాయి. ఇప్పుడు భయం నీళ్లది కాదు, నిప్పుది. వానకు నడుమెత్తు పెరిగిన గడ్డి ఎండటం మొదలవుతుంది. గాలికి పొయ్యిలోంచి లేచిన ఒక ఆకు చాలు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం ఆ 1972 చట్టం ప్రకారమే నేరం, కాబట్టి అక్కడ వండుకొచ్చిన అన్నమే తినాలి. బయట, వంటకు ఒప్పుకున్న చోట, చుట్టూ మూడు మీటర్లు గడ్డి చెక్కి, ఇసుక పోసిన గద్దెలు నాలుగైదు కట్టిపెట్టాలి. గ్యాసు పొయ్యి తెచ్చుకుంటే మేలు. కట్టెలు ఎవరికి వాళ్లు ఏరుకోనివ్వొద్దు, ఏరడంతో మొదలై పచ్చి కొమ్మలు విరవడం దాకా పోతుంది. గూడెం నుంచి కట్ట లెక్కన అమ్మిస్తే ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది.

పొయ్యి ఆర్పడం వాచర్ ముందే జరగాలి. ఒక బిందె నీళ్లు పోసి, కట్టెతో కలియబెట్టి, ఇంకో బిందె పోసి, అరచేయి వెనకవైపు బూడిదకు ఆన్చాలి. వెచ్చగా తగిలితే ఆరనట్టే. మట్టి కప్పి పోతే లోపల నిప్పు రాత్రంతా బతికి తెల్లారి గాలికి లేస్తుంది. మోదుగాకు విస్తర్లు గుంతలో వేయనివ్వండి. వెండి రంగు ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేట్లు మాత్రం వచ్చిన బండిలోనే తిరిగి పోవాలి. మిగిలిన అన్నం కోతులకు వేయడం పుణ్యమని పెద్దవాళ్లు అంటారు. ఆ పుణ్యం తిన్న కోతి మరుసటి వారం పిల్లల చేతిలోంచి గుంజుకుని కరుస్తుంది. అన్నం గూడెంలో కోళ్లకు పంపిస్తామని చెప్పి బకెట్ పెడితే నొచ్చుకోరు.

గేటు వేసే వేళ

జూలైలో ఏడింటి దగ్గర దాకా వెలుతురుంటుంది, అక్టోబరు నడుమకు ఆరు కాకముందే పొద్దుగూకి మసక పడుతుంది. చెట్ల కింద ఇంకో అరగంట ముందే. అందుకని ఆఖరి టికెట్ నాలుగున్నరకైతే, నీళ్ల దగ్గర ఖాళీ ఐదింటికి. అక్టోబరులో రెండూ అరగంట ముందుకు జరపాలి. బండ ఖాళీ అయ్యాక మేకు దగ్గరికి రావాలి. మేకు మీద ఇంకా టోకెను ముక్క ఉండి, పార్కింగులో ఆ బండి కూడా ఉందంటే మనుషులు లోపల ఉన్నారు. ముక్క వెనక రాసిన లెక్కతో వెతకడం మొదలుపెట్టాలి, ఇద్దరు ఇద్దరుగా, టార్చి, విజిల్, తాడు తీసుకుని. అరగంటలో దొరకకపోతే బీట్ ఆఫీసర్‌కు, 112కు. ముక్క ఉండి బండి లేదంటే గేటు దగ్గర ఎవరో తీయడం మరిచారు, పుస్తకంలో రాసుకోవాలి.

సీజన్ అయిపోయాక తాడు సంచులు విప్పి నీడలో ఆరబెట్టాలి. ఎండలో ఆరేస్తే ప్లాస్టిక్ తాడు పెళుసెక్కి పైఏడు తెగుతుంది. ఆరాక మళ్లీ కుక్కి, ఎలుకలు అందకుండా దూలానికి వేలాడదీయాలి.